నీళ్ళ మీద తేలిన లవంగ నూనె

తొంభైలలో తొండియార్‌పేటలోని ఒక రంగుచేపల షెడ్డులో పనిచేశాను. అక్కడ ఒక తల్లి గోల్డ్‌ఫిష్ చచ్చిపోయింది. మత్తుమందు ఎక్కువ పోసి చంపిందని నాతో పనిచేసే ఒకామెకు చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు రావలసింది నాకు.

ఆమె చేరకముందు మందు రాయడానికి చేపను పట్టాలంటే నేనే. తడి తువాలుతో అదిమి పట్టేవాణ్ణి. అది కొట్టుకునేది, పొలుసులు ఊడేవి. ఆమె వచ్చి, పంటినొప్పికి వాడే లవంగ నూనె చుక్కలు సీసాలో నీళ్ళతో తెల్లగా అయ్యేదాకా కుదిపి తొట్టిలో కలిపింది. కాసేపటికి చేప పక్కకు ఒరిగి ఆమె అరచేతిలో నిద్రపోయింది. మొప్పలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి. పుండుకు మందు రాసి మంచినీళ్ళలో వదిలితే లేచి ఈదింది.

"చూస్తివా పా? నువ్వు పడితే కుస్తీ, ఆయమ్మ పడితే జోలపాట!" అన్నాడు ఓనరు.

అందరితోపాటు నేనూ నవ్వాను. ఆనాటి నుంచి ఏ చేపకు ఏమైనా "ఆయమ్మను పిలువు" అనడమే. ఆమె నన్ను "అన్నా" అని పిలిచినా ఒళ్ళు మండేది.

ఓనరు ప్రాణంలా చూసుకునే తల్లి చేపకు పొట్ట కింద పుండు లేచింది. ఆమె తొట్టిలో లవంగ నూనె కుదిపి కలిపి, చేపను అందులో వదిలి, మంచినీళ్ళు తేవడానికి బయటికి వెళ్ళింది. నేను నూనె సీసా తీసి తొట్టిలోకి వంపాను. చంపాలని కాదు. చేప చప్పున లేవకుండా ఉంటే చాలు, ఓనరు ముందు ఆమె ఒక్కసారి తలదించుకుంటే చాలు అనుకున్నాను.

ఆమె వచ్చేసరికి మొప్పలు ఆడటం లేదు. మంచినీళ్ళలో, ఊపిరి అందుతుందని గాలి బుడగలకు ఎదురుగా, చాలాసేపు పట్టుకుని చూసింది. చేప లేవలేదు.

"ఎంత పోస్తివమ్మా?" అడిగాడు ఓనరు.

"ఎప్పుడూ పోసేదే సార్."

"మరి ఎట్ల చచ్చె?"

ఆమె తొట్టి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చెబుతానని ఎదురుచూసింది. నేను తువాలు పిండుతూ నిలబడ్డాను.

"రేపట్నించీ రావద్దులే," అన్నాడు ఓనరు.

వెళ్తూ సీసా నా చేతిలో పెట్టింది. "నీళ్ళలో కుదిపి పొయ్యాలన్నా. ఊరికే పోస్తే నూనె పైన తేలతాది. ఆడ చూడు, ఇంకా తేలతా ఉంది."

తర్వాత ఏళ్ళ తరబడి కుదిపే పోశాను. నా చేతిలో ఒక్క చేపా చావలేదని ఓనరు అందరికీ చెప్పుకునేవాడు. ఆ పని ఎవరు నేర్పారో నేను చెప్పలేదు.