గోడకు అవతల ఆట

ఆ సందులో సోఫాలు బాగుచేసే షాపు అదొక్కటే. అన్నదమ్ములిద్దరిదీ. కింద పని, పైన కాపురం. అన్న చెక్కపని చూసేవాడు, తమ్ముడు గుడ్డ కత్తిరించేవాడు. కవర్లు కుట్టడం కోడళ్ళ వంతు. పెద్దకోడలు కుట్టిన అంచు గీత గీసినట్టుండేది. మనిషి మాత్రం ముభావం. పలకరించిన వాళ్ళకు తల ఊపి మళ్ళీ కుట్టులో పడిపోయేది.

చిన్నకోడలు కాపురానికి వచ్చాకే ఆ ఇంటికి నోరొచ్చింది. వస్తూ వస్తూ బట్టల పెట్టె అడుగున ఒక పాత టీవీ గేమ్ సెట్టు దాచి తెచ్చుకుంది. వాళ్ళ చిన్నతనంలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ మోగిన ఆటే అది. వీపున సంచి వేసుకున్న పొట్టివాడొకడు గుంతలు దూకుతూ, చెరువుల్లో ఈదుతూ, గాలిలో తేలే పలకల మీద గెంతుతూ పోతూనే ఉంటాడు.

"ఇదేంటే, కొత్త కాపురానికి బొమ్మలాట తెచ్చుకున్నావా?" అంది పెద్దకోడలు.

"ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడక్కా. తర్వాత తిడుదువుగాని."

పట్టుకుంది. మొదటి గుంతలోనే పడింది. మళ్ళీ పడింది. ఇక వదల్లేదు.

మధ్యాహ్నం తిన్నాక మగవాళ్ళు కింద రెక్సిన్ చుట్టల పక్కన నడుం వాల్చేవాళ్ళు. ఆ కాసేపూ వీళ్ళది. టీవీ ముందు చతికిలబడి, పొట్టివాడు పడ్డప్పుడల్లా నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. చిన్నకోడలిది దూకుడు. పలకల స్టేజిలో ఆమె వేళ్ళకు తిరుగులేదు, కదిలే పలక ఎప్పుడు దగ్గరికొస్తుందో చూడకుండానే తెలిసేది. కానీ నీళ్ళలోకి దిగిందంటే చచ్చిందే. అక్కడ తొందరపడకూడదు, చేపల మధ్య నుంచి మెల్లగా తేలుకుంటూ పోవాలి. అది పెద్దకోడలి పని. నీళ్ళు రాగానే "అక్కా, నీదే" అని ఆట చేతిలో పెట్టేసేది. పలకలు రాగానే పెద్దకోడలు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేది. ఒక్కరే అయితే ఇద్దరిలో ఎవరూ సగం కూడా దాటలేరు.

పెద్దకోడలికి తోబుట్టువులు లేరు. పెళ్ళికి ముందు మేనమామ ఇంట్లో ఒదిగి పెరిగిన పిల్ల. పగలబడి నవ్వడం తనకు వచ్చని ఆమెకు తెలిసింది ఆ టీవీ ముందే.

తర్వాత ఒక సినిమా హాలు వాళ్ళు సీట్లకు మఖమల్ కవర్లు కావాలన్నారు. మఖమల్‌కు వాలు ఉంటుంది. ఒకవైపు నిమిరితే మెత్తగా, రెండోవైపు గరుకుగా తగులుతుంది. వాలు మారితే రంగే వేరుగా కనిపిస్తుంది. తమ్ముడు ఏ ధ్యాసలో ఉన్నాడో, సగం గుడ్డ తలకిందులుగా కత్తిరించేశాడు. కవర్లు కుట్టి, సీట్లకు తొడిగి, వరసగా నిలబెట్టాక గానీ బయటపడలేదు. అన్నకు ఒళ్ళు తెలియలేదు. పనివాళ్ళందరూ చూస్తుండగా తమ్ముడి చెంప పగలగొట్టాడు.

తమ్ముడు కత్తెర బల్ల మీద పెట్టి పైకెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా షాపు రెండు ముక్కలైంది. కింద నుంచి పైదాకా నట్టనడుమ ఇటుక గోడ లేచింది.

సామాన్లు పంచుకున్న రోజు చిన్నకోడలు గేమ్ సెట్టును తువ్వాల్లో చుట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. పెద్దకోడలు కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళు బయటపెట్టేస్తాయని భయం. చిన్నకోడలు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. అక్కకు కోపమనుకుంది ఆమె. ఒక్క మాటైనా అనకుండా పోయిందే అనుకుంది ఈమె. దానికితోడు అన్న భార్యతో గట్టిగా చెప్పాడు, "ఆ గడప తొక్కావంటే నేను లేననుకున్నట్టే."

గోడ పలచనిది. మధ్యాహ్నం కాగానే అవతల టీవీ మోగేది. పెద్దకోడలు కుట్టుమిషను ఆపి వినేది. పాటను బట్టి పొట్టివాడు ఎక్కడున్నాడో తెలిసిపోయేది. పలకల స్టేజి చకచకా దాటేసేది చిన్నది. తర్వాత నీళ్ళ పాట మొదలయ్యేది, అంతలోనే వాడు చచ్చిపోయిన పాట. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చావు.

"మెల్లగా పోవే, మెల్లగా," అని గొణుక్కునేది పెద్దకోడలు. ఒకసారి లేచి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించింది. తట్టబోయింది. కింద నుంచి భర్త దగ్గు వినిపించి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఒక వేసవి నుంచి ఆ చప్పుడు ఆగిపోయింది. సెట్టు పాడైపోయి ఉంటుంది అనుకుంది.

ఏళ్ళు గడిచాయి. వీధిలో ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు దుకాణంలోకి తప్పుకోవడం అలవాటైపోయింది. పెద్దకోడలి జుట్టు నెరిసింది. కూతురు చదువు ముగించి సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరింది. ఆ ఏడు పెద్దకోడలు స్పాంజి మూట మోస్తూ మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. కదలకుండా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. చూడలేక కూతురు అరచేతిలో ఇమిడే గేమ్ మిషనొకటి తెచ్చిచ్చింది.

"పాత ఆటలన్నీ ఉన్నాయమ్మా ఇందులో. కాలు బాగయ్యేదాకా ఏదోటి నొక్కుకో."

కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. పొట్టివాడు కనిపించాడు, అదే సంచితో, అదే పరుగుతో. ఆ పాట మొదలుకాగానే ఆమె గోడ వైపు తిరిగి చూసింది. బొమ్మ మరీ చిన్నది. అయినా వేళ్ళు మరిచిపోలేదు. చెరువు తొలిసారికే దాటేసింది. పలకల దగ్గర మాత్రం అడుగు ముందుకు పడలేదు. ఎన్నిసార్లు దూకినా పాతాళానికే. అలవాటు కొద్దీ మిషన్ను పక్కకు చాపింది. అందుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

గోడకు రెండువైపులా పని చేసే మనిషి ఒక్కడే ఉండేవాడు. మేకులు కొట్టే ముసలాయన. మేకులు నోట్లో పెట్టుకుని మాట్లాడతాడు కాబట్టి ఆయన చెప్పేది ఎవరికీ సరిగా అర్థం కాదు. ఆ రోజు మాత్రం మేకులు ఉమ్మేసి మరీ చెప్పాడు.

"చిన్నమ్మకు బాగాలేదమ్మా. కడుపులో గడ్డంట. ఆస్పత్రిలో పెట్టారు. లాభం లేదంటున్నారు."

పెద్దకోడలు చేతికర్ర అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"చెల్లి దగ్గరికి."

ఆయన దారికి అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకు జరిపాడు.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. మరిది స్టూలు మీద నుంచి లేచి, "రా వదినా" అని, కూర్చోమని సైగ చేసి బయటికెళ్ళాడు. చిన్నకోడలు కళ్ళు తెరిచి చూసింది.

"కాలికేమైందక్కా?"

"నా కాలి సంగతి తర్వాత. నువ్విట్లా అయ్యావేంటే?"

పెద్దకోడలు సంచిలోంచి గేమ్ మిషను తీసి చూపించింది. చిన్నకోడలి మొహం విచ్చుకుంది.

"పొట్టోడా! ఇంకా బతికే ఉన్నాడా?"

"వాడికేం, రాయిలా ఉన్నాడు. నువ్వే కదా రోజూ నీళ్ళలో ముంచి చంపేదానివి. అంతా వినపడేది నాకు." అనేశాక, ఎక్కడ కూర్చుని ఏం మాట అన్నానా అని నాలుక కరుచుకుంది.

చిన్నకోడలు నవ్వింది. నవ్వుకు కడుపు నొప్పి పుట్టి చేత్తో అదుముకుంది.

"వినపడాలనే ఆడేదాన్ని. నీళ్ళ దాకా వచ్చి కావాలనే చచ్చేదాన్ని. విసుగెత్తి ఎప్పుడో ఒకరోజు గోడ తడతావు, తిట్టడానికైనా తడతావు అనుకునేదాన్ని."

"సెట్టు పాడైపోయింది కదా?"

"పాడవలేదక్కా. నేనే ఆపేశా. నువ్వు తట్టవని అర్థమైంది."

పెద్దకోడలు మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. తట్టబోయానని చెప్పాలనుకుంది. తట్టబోవడం, తట్టకపోవడం అవతలివాళ్ళకు ఒకటే కదా అనిపించి ఆ మాట లోపలే మింగేసింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు కర్ర పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేది. చిన్నకోడలి చేతికి సూది ఉండేది, వేళ్ళు వణికేవి. అందుకని చూస్తూ చెప్పేది. "ఆగు... ఆగు... తొందరేంటి నీకు... ఊఁ, దూకు!" పెద్దకోడలు దూకేది, పడేది. "నీకు రాదులే అక్కా," అని వెక్కిరించేది చిన్నది. పక్క మంచాల వాళ్ళు కూడా మెడలు చాచి చూసేవాళ్ళు. ఒక నర్సు ఆట దాచేస్తానని బెదిరించి, ఆ మర్నాడు తనే "దాటారా?" అని అడిగింది.

ఒక రోజు చిన్నకోడలు కాస్త తేరుకుంది. "ఇటివ్వు," అంది. దిండుకు ఆనుకుని, మిషను పొట్ట మీద పెట్టుకుని, పలకలన్నీ ఒక్క ఊపున దాటించేసింది. చివరికొచ్చాక మిషను అక్క ఒళ్ళో పడేసి కళ్ళు మూసుకుంది. "చూశావా. అంతే."

మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దకోడలు కొంగుతో తుడిచింది.

మర్నాడు వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. లోపలి గదికి మార్చారన్నారు. అద్దంలోంచి చూడనిచ్చారు గానీ దగ్గరికి పోనివ్వలేదు. సాయంత్రానికి అయిపోయింది.

కబురు విని అన్న ఆస్పత్రికొచ్చాడు. వరండాలో తమ్ముడి పక్కన నిలబడ్డాడు. భుజం మీద వేద్దామని చెయ్యెత్తి, తమ్ముడు ఒళ్ళు బిగదీసుకోవడం చూసి దించేశాడు. అయినా పాడె మోసేటప్పుడు ముందు పట్టింది ఆయనే.

గోడ కొట్టేద్దామని ఎవరూ అనలేదు. ఇద్దరూ దానికి మేకులు కొట్టి పనిముట్లు తగిలించుకున్నారు. కొట్టేస్తే అవెక్కడ పెట్టాలి అనుకున్నారో ఏమో. అన్నదమ్ముల మధ్య మాటలు మాత్రం మొదలయ్యాయి. "స్పాంజి వచ్చిందా?" "రేపొస్తుందట." అంతకు మించి పోవు. తమ్ముడి వైపు కవర్లు కుట్టే దిక్కు లేక పెద్దకోడలే అటు వెళ్ళి కుట్టసాగింది. వద్దని భర్త అనలేదు. అన్నా ఆమె వినేది కాదు.

గేమ్ మిషను కూతురికి తిరిగిచ్చేసింది. ఎందుకమ్మా అంటే, కళ్ళు లాగుతున్నాయంది.

ఒక మధ్యాహ్నం మరిది ఆమె కుట్టుమిషను దగ్గరకొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. కొలతలు చెబుతాడేమోనని ఆమె టేపు అందుకుంది.

"వదినా, అప్పట్లో మధ్యాహ్నం మేం కింద పడుకుంటే పైన నవ్వుకునేవాళ్ళు మీరిద్దరూ. దేనికి నవ్వేవాళ్ళు?"

"ఆమెనెప్పుడూ అడగలేదా?"

"లేదు. కింద మాకు నిద్ర పట్టనివ్వట్లేదని విసుక్కున్నానంతే."

పెద్దకోడలు టేపు పక్కన పెట్టింది. జీవితంలో ఎవరికీ అంతసేపు ఏదీ చెప్పి ఎరగదు. పెట్టె అడుగున సెట్టు దాచి తెచ్చిన సంగతి దగ్గర మొదలుపెట్టింది. ఆయన నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చివరిదాకా విన్నాడు.