సార్ కొట్టేసిన వాక్యం

ఈ మధ్య నారాయణగూడలో ఎవరో గోడకు పోస్టరు అంటిస్తుంటే, మైదా జిగురు వాసన తగిలి నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ వాసనకు నాకు గోడల నిండా తెలంగాణ ఉద్యమ పోస్టర్లున్న 1969, దానితోపాటు రాజేశ్వర్ సార్ గుర్తొస్తారు.

అశోక్‌నగర్‌లో ఆయన మా పక్కింటివారు, నాకు బి.ఏ. చరిత్ర చెప్పినవారు. మేము గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. ఆయన తాతల నాటి నుంచి ఇక్కడి మనిషి. ఉద్యమంతో కాలేజీలు మూతపడితే తన ఇంటి వసారాలోనే పాఠం సాగించారు. ఏ జాతి గురించి రాసినా చివర రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: 'మనమంతా ఒకటి' అని ఎవరు చెప్పారు, చెప్పేటప్పుడు ఎవరిని వదిలేశారు? అవి లేని వ్యాసం ఎంత బాగున్నా తిప్పి పంపేవారు. మహా మొండి మనిషి.

యూదుల జాతీయవాదం చెప్పిన రోజు సార్ టీ చల్లారిపోయినా చూసుకోలేదు. దేశదేశాల్లో చెదిరి, తలా ఒక భాష మాట్లాడేవాళ్ళకు పత్రికలు, సభలు, బడులు కలిసి 'మీరొక జాతి' అని నేర్పిన తీరు వివరించారు. ప్రార్థనల్లో మిగిలిన భాషను పట్టుబట్టి పసిపిల్లల నోట పలికించారట.

"అయితే అదంతా కల్పనేనా సార్?" అన్నాను.

"కట్టిన ఇల్లు అబద్ధమైతదా బిడ్డా? తరిమితే తలదాచుకుందామని కట్టుకున్నరు. గని ఆ జాగల అప్పటికే అరబ్బులున్నరు. గది గూడ రాయాలె."

సార్‌కు ప్రత్యేక తెలంగాణ కావాలి. ఆ సంగతి దాచేవారు కాదు. ఆయన రాసినవన్నీ శుభ్రంగా ఎత్తి రాసిపెట్టడం నా పని. ఒకరోజు ఆ అలవాటుకొద్దీ, ఉద్యమ మిత్రుల కోసం రాసిన కరపత్రం కూడా నా చేతిలో పెట్టేశారు. 'మనమంతా ఒకటి, బయటివాళ్ళు వెళ్ళిపోవాలి' అని ఉంది అందులో. అప్పటికే గొడవలకు భయపడి నాన్న నన్ను గుంటూరు పంపేయాలని చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. అయినా అంతా ఎత్తి రాశాను. చివర సార్ అడిగే రెండు ప్రశ్నలూ రాసి, రెండోదానికి జవాబుగా నా పేరు రాశాను.

ఆయన చివరిదాకా చదివారు. తర్వాత కలం తీసి, 'బయటివాళ్ళు వెళ్ళిపోవాలి' అన్న ఆ వాక్యం కొట్టేశారు.

"మావోళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకుంటే నా పేరుండదు" అన్నారు.

కరపత్రం ఆ వాక్యంతోనే అచ్చయింది. కింద ఆయన పేరు లేదు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నారు.

"రావుగారూ, పరీక్షలు ఎప్పుడు పెట్టినా బిడ్డ ఈడనే రాస్తది. మీకు భయమైతే మా ఇంట్ల ఉంటది. నా రాష్ట్రం నాకు గావాలె. గని ఈ పిల్లను ఎల్లగొట్టి తెచ్చుకునేది నాకొద్దు."

నాన్న నన్ను ఆయనకు మంచినీళ్ళు తెమ్మన్నారు. నేను గుంటూరు వెళ్ళలేదు.

సార్ పోయి చాలా ఏళ్ళయింది. ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే తడుముకోకుండా అశోక్‌నగర్ అంటాను. ఆ తడుముకోకపోవడం ఆయన ఇచ్చిందే.