మరుగుదొడ్డి గుమ్మం దగ్గర నా పుస్తకం

ఆగస్టు మూడో శనివారం మధ్యాహ్నం రెండుంపావుకు నది నీళ్లు బాగ్‌బేరాలో మా వీధిలోకి వచ్చాయి. మూడున్నరకల్లా ముప్ఫైఎనిమిది మందిమి మెరక మీదున్న బడికి చేరాం. చుట్టూ నీళ్లు నిండి ఆ బడి చిన్న లంకలా మిగిలింది. అక్కడున్నది ఒకే మరుగుదొడ్డి.

తాగడానికి నీళ్లున్నా కడగడానికి తక్కువని నేనే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనిషికి ఒక బకెట్టు ఇచ్చి, పేరు గట్టిగా పిలిచి పుస్తకంలో రాసుకునేదాన్ని.

"మామ్మ సిగ్నలిత్తేనేరా బండి కదిలేది!" అని మగవాళ్లు నవ్వేవారు.

ఆదివారం సాయంత్రం కూడితే మగవాళ్లు, పిల్లలవి ముప్ఫైనాలుగు బకెట్లు, ఆడవాళ్లవి మూడే. మన ఆడవాళ్లు ఎంత పొదుపరులో అనుకున్నాను.

అంతలో ఏడో నెల గర్భిణి అయిన పక్కింటి కోడలు కూర్చున్నచోటే ఒరిగిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"నీళ్లు తాగలేదేటే?" అన్నాను.

ఆమె అత్త నా మీద విరుచుకుపడింది. "ఎలా తాగుతాది పిన్నీ? తాగితే దొడ్డికెల్లాల. నువ్వేమో మగోళ్లందరి ముందూ పేరెట్టి కేకేత్తన్నావు. నిన్నట్నించీ ఆడోళ్లం ఎవరం గుక్కెడు తాగలేదు!"

పుస్తకం మళ్లీ చూశాను. ఆ మూడు బకెట్లూ నావే.

సోమవారం పడవ వచ్చి ఆ కోడలిని ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది.

ఆ వరదలో మా ఇంట్లో పోయినవి ఒక కుట్టుమిషను, రెండు పరుపులు, అరబస్తా బియ్యం. పక్కింట్లో పోయింది కడుపులోని ఆడపిల్ల.