సల్లగా రాయాలా, చల్లగా రాయాలా

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా పిల్లి చిట్టెలుకను పడితే నేను వీధి మలుపు తిరిగేసరికి అది పందికొక్కు, టీ కొట్టు చేరేసరికి అడవిపంది. నా నోట ఏది విన్నా మా ఆవిడ దాన్ని మూడుతో భాగించుకుని గాని నమ్మదు. మీరూ అలాగే చదువుకోండి. అయితే ఇందులో ఒక ముక్క ఉంది, అది పెంచింది కాదు, అచ్చంగా కల్పించింది. అదేదో ఆఖర్న చెబుతాను.

నేను సాలూరులో లారీలకు అక్షరాలు రాస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. సాలూరులో మనుషులకన్నా లారీలే ఎక్కువ అని నేనంటే ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, కాదనాల్సినవాళ్ళంతా లారీల మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటారు కాబట్టి. ఎర్రదీపం దగ్గర లారీ వెనక ఇరుక్కున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు నా దస్తూరీ చదివే ఉంటాడు. చదవక ఏం చేస్తాడు, పక్కకు తప్పుకునే దారుండదు కదా.

నేను రాసిన మొదటి లారీ మా బావది. బావంటే మా అక్క మొగుడు. పాత బండి కొని, రంగులు వేయించి, నా ముందు నిలబెట్టాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బావ ఎప్పుడు బండెక్కినా వాళ్ళమ్మ, అంటే మా అత్త, గుమ్మంలోకి వచ్చి ఒకే మాట అనేది. "సల్లగా ఎల్లి రా." అంతే దీవెన. ఆ మాట చెవిన పడకుండా బావ గేరు వేసిన రోజు లేదు.

"ఒరే బామ్మర్దీ, ఎనక డోరు మీద మాయమ్మ మాట రాసీ. మాయమ్మ ఎలాగన్నాదో అలాగే," అన్నాడు.

ఇక్కడ మా తెలుగు మాస్టారి గురించి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో నేను ఆవు మీద వ్యాసం రాస్తే అందులో 'చ' ఉండాల్సిన చోట 'స' ఇరవై ఏడుసార్లు వచ్చిందట. ఆయన ఒక్కో సకు ఒక్కో మెలి చొప్పున నా ఎడమ చెవిని ఇరవై ఏడుసార్లు తిప్పారు. ఆ రోజుతో అది కుడిచెవికన్నా అంగుళం పొడుగైంది. ఇప్పటికీ ఎవరైనా "సెప్పు" అంటే ఆ చెవి దానంతటదే కదులుతుంది. ఆయన తెలుగులో అరసున్న ఉండేది, బండి ఱ ఉండేది, దొరికిన ప్రతి మాటకీ 'ము' అని ఒక తోక ఉండేది.

అంత చదువు తలలో పెట్టుకుని అత్త మాట ఉన్నదున్నట్టు ఎలా రాస్తాను? దారానికి సుద్ద పూసి గీతలు కొట్టి, పసుపు అక్షరాలకు ఎర్రనీడ వేసి, "చల్లఁగా వెళ్ళి రమ్ము" అని దించాను. పై వరసలో చోటు చాలలేదు. అందుచేత 'రమ్ము' ఒక్కటీ కింద వరసలో, జానెడు పొడుగున, ఒంటరిగా నిలబడింది.

అత్త వచ్చి చూసింది. అప్పటికి ఆవిడకు ఒక్క అక్షరమూ రాదు.

"ఒరే అల్లుడా, నానన్నట్టే రాసినావేటి?"

"అచ్చం నువ్వన్నట్టే అత్తా."

ఆవిడ ఆ చివర నుంచి ఈ చివరి దాకా వేలితో తడుముకుంది. ఆ సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆ పైన ఏ పెళ్ళిలోనైనా, ఏ సంతలోనైనా ఆవిడది ఒకటే గొప్ప. "మావోడు తిరిగిన సోటల్లా నా మాట తిరుగుతన్నాది."

ఆ అరసున్నను చూసి షెడ్డులో వెల్డింగు చేసే ఆయనకు జాలేసింది. పాపం కుర్రాడు సున్న చుట్టబోయి సగంలో మరిచిపోయాడు అనుకుని, తన డబ్బాలో రంగుతో మిగతా సగం చుట్టేశాడు. "చల్లంగా" అయింది. ఆ అవతారంలో బండి కొబ్బరికాయల లోడుతో ఒడిశా వెళుతుంటే పాతపట్నం దాటాక ఒక కానిస్టేబులు ఆపాడు. వెనక్కి వెళ్ళి పై వరసలో మొదటి మాట చదివాడు, కింద వరసలో ఒంటరి మాట చదివాడు. చల్లంగా. రమ్ము.

"ఏటి, సల్లటి రమ్మా? దించు."

బావ చేతులు జోడించాడు. "మాయమ్మ దీవెన సారూ."

"మీయమ్మ రమ్మమ్మతాదేటి?"

ఒక్కో కొబ్బరికాయనీ చెవి దగ్గర ఊపి చూశారట. అన్నిట్లోనూ ఏదో ఒకటి గలగలమంది. దాంతో అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగింది. బావ తిరిగొచ్చి డబ్బా, బ్రష్షూ నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఆ పూటే 'రమ్ము'ను 'రా' చేశాను.

తోక తెగడం అలా మొదలైంది. తర్వాత రంగు వేసిన ప్రతిసారీ నా తెలుగులో ఏదో ఒకటి ఊడిపోతూనే ఉంది. అరసున్న పోయింది. బండి ఱ పోయింది. వ్రాయడం పోయి రాయడం వచ్చింది. 'వెళ్ళి' అని రాస్తే పేపరు చదివే ఒకాయన 'వెళ్లి' అన్నాడు. 'వెళ్లి' అని రాస్తే బడిపుస్తకం చదివే ఇంకొకాయన 'వెళ్ళి' అన్నాడు. ఇద్దరూ ఎదురుపడితే తేల్చుకుంటారని చూశాను. పడ్డారు. టీ తాగి, రెండూ ఒప్పే అనుకుని, నన్ను అక్కడే వదిలేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. రెండూ తప్పంటే నాకు అర్థమవుతుంది. రెండూ ఒప్పయితే బ్రష్షు ఎటు తిప్పాలి?

ఇంతలో ఫోన్లు వచ్చాయి. బావ కూతురు, మా మేనకోడలు, విజయనగరంలో డిగ్రీ చదువుతూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేది. ఒకసారి వాళ్ళ నాన్నకు 'kallu' బాగోలేవని పంపింది. అవి కళ్ళో, కాళ్ళో, కల్లో తేల్చుకోలేక కంట్లో వేసే చుక్కలు, మోకాలికి రాసే మందు, ఒక సీసా, మూడూ పట్టుకుని వెళ్ళాను. మోకాళ్ళు. అయినా బావ మూడోదే ముందు తీసుకున్నాడు.

తర్వాత ఆ పిల్ల తెలుగు అక్షరాలకు మారింది. హమ్మయ్య అనుకున్నాను. మొదటి కబురు వచ్చింది. "మావ, ఏటి సేస్తన్నావు."

ఎడమ చెవి కదిలింది. దాన్ని "మామయ్యా, ఏమి చేస్తున్నావు" అని దిద్ది తిప్పి పంపాను. వెంటనే ఫోను చేసింది.

"మావ, దిద్దకు. ఇప్పుడిలాగే రాయాల. మన మాట మనం రాయకపోతే ఎవులు రాస్తారు?"

నేను ముప్పై ఏళ్ళు దేన్ని తుడుస్తూ వచ్చానో అదే ఇప్పుడు రాయాలట. నిన్న తప్పు, నేడు ఒప్పు. మధ్యలో ఒక్కరైనా వచ్చి నాతో ఒక మాట అనలేదు.

అసలు ఉపద్రవం అది కాదు. సెలవులకు వచ్చిన ఆ పిల్ల, ఎనభై దగ్గర పడుతున్న మా అత్తకు ఫోనులోనే అక్షరాలు నేర్పింది. తను రాసే తెలుగులోనే. అత్త చదివిన మొదటి మాట 'సేప'. ఆవిడ దృష్టిలో 'చ' అనేది చక్రం బొమ్మ పక్కన ఉత్తినే కూర్చునే అక్షరం, ఇంకే పనీ లేదు. గుణింతాల దాకా వచ్చారు. వత్తులు ఇంకా రాలేదు.

మొన్నామధ్య బావ బండికి వెనక డోరు కొత్తది వేయించాడు. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని "చల్లగా వెళ్లి రా" అని రాశాను. లోడు ఎక్కింది. సాయంత్రం బయల్దేరాలి. అత్త కర్ర పట్టుకుని వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని బండి వెనక నిలబడింది.

"చ," అంది. ఆగింది. "ఇదిక్కడికెందుకొచ్చినాది? ల... కింద ఇదేటి, తోక?"

"అది వత్తు మామ్మా. అంత దూరం మనం రానేదింకా," అంది మనవరాలు.

"గా. వె. వె ఏటి? నాను వె అన్నానా?" నా వైపు తిరిగింది. "ఒరే అల్లుడా, ఇది నా మాట కాదు."

నేను బావను చూశాను. బావ టైరును చూశాడు.

"ముప్పై ఏళ్ళు ఊరందరికీ సెప్పుకున్నాను, నా మాట నా మాటని. ముప్పై ఏళ్ళూ ఎవుల మాట మోసినాడురా నా కొడుకు?"

జవాబు కోసం వ్యాకరణంలో వెతికాను, అరసున్నలే దొరికాయి.

"నా మాట రాసినాకే గుమ్మంలోకి వస్తాను," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మంలోకి రాకపోతే బావ బండి తియ్యడు. బావ తల గోక్కున్నాడు. మేనకోడలు సంచీలోంచి చుట్టిన కాగితం ఒకటి తీసింది. కంప్యూటరులో కోయించిన స్టిక్కరు. అందులో "సల్లగా ఎల్లి రా" అని ఉంది.

"ఒరే బామ్మర్దీ, సాయంత్రం లోపల నువ్వు రాసీ. నేదంటే స్టిక్కరే," అన్నాడు బావ.

నా మొదటి లారీ అది. దాని మీద స్టిక్కరు పడితే వారంలో సాలూరు అంతా స్టిక్కర్లే. నేను ఇంట్లో తలుపుల మీద లాభం, శుభం రాసుకోవాలి.

పాత అక్షరాలు తుడిచి బ్రష్షు ముంచాను. 'స' రాయబోయాను. చెయ్యి 'చ' రాసింది. తుడిచాను. మళ్ళీ చ. నా ప్రమేయం లేదు, ముప్పై ఏళ్ళ చెయ్యి అది. నాలుగోసారికి చెమటలు పట్టి ఒక రాజీ ఆలోచించాను. పూర్వం చకూ సకూ మధ్యలో ఇంకో అక్షరం ఉండేది, చ నెత్తి మీద చిన్న రెండంకె వేస్తే వచ్చేది, ౘ. అది రాసి అత్తను పిలిచాను.

"చ మీద రెండెందుకురా? రెండుసార్లు ఎల్లాలేటి?"

అదీ తుడిచాను.

"సరే, స్టిక్కరే ఒప్పనుకుందాం. కానీ అత్త ఎల్లి అంటుందా, యెల్లి అంటుందా?" అన్నాను. తెలివిగా అడిగాననుకున్నాను. మేనకోడలు తెల్లబోయింది. "మామ్మా, ఒకపాలి అను."

"అడిగితే వస్తాదేటి? బండి కదిలితే వస్తాది."

బావ ఎక్కి ఇంజను వేసి బండి గజం ముందుకు నడిపాడు. అత్త ఏదో అంది. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు. వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపాడు. నాకు "సల్లంగెల్లిరా" అని వినపడింది. పిల్లకు "సల్లగెల్రా" అని వినపడింది. బావ కిటికీలోంచి తల పెట్టి, "నాకు రోజూ ఇనపడేది ఇలాగ కాదు," అన్నాడు. అలా ముందుకీ వెనక్కీ నలభైసార్లు నడిచి, లోడు బండి సాలూరు నుంచి నరసన్నపేట పోయినంత డీజిలు అక్కడే తాగింది. చివరికి ఎవరి తెలుగు ఏమిటో ఎవరికీ తెలియని స్థితికి అందరం సమానంగా చేరుకున్నాం.

అత్తకు విసుగొచ్చింది. నా సుద్దముక్క లాక్కుంది. పీట వేయించుకుని ఎక్కింది. నేను పక్కన పట్టుకుని నిలబడ్డాను. నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ రాసింది.

సలగా ఎలి రా.

"మామ్మా, లకి వత్తు," అంది మేనకోడలు.

"నువ్వు నేర్పనేదు కదే."

"అత్తా, వత్తులు లేకపోతే..." అని నేను అందుకున్నాను.

"ఒత్తేది నాను నోటితో ఒత్తుతాను. నువ్వు రాయి."

అక్షరాలు కొండెక్కుతున్నట్టు వాలుగా పోయాయి. సుద్దదారంతో నేను కొట్టిన గీతకూ వాటికీ ఏ చుట్టరికమూ లేదు. నేను ఆ సుద్ద మీదే బ్రష్షు నడిపాను, ఒక్క వంకర కూడా దిద్దకుండా. చెయ్యి ఈసారి సనే రాసింది, ఎందుకంటే రాస్తున్నది నేను కాదు. ఎర్రనీడ మాత్రం నాది.

రంగు ఆరకముందే అత్త గుమ్మంలోకి వచ్చింది. బావ గేరు వేశాడు. "సల్లగా ఎల్లి రా," అంది, వత్తులన్నీ వేసి. స్టిక్కరును ఆ పిల్ల ఇంట్లో అద్దం పైన అతికించుకుంది.

నరసన్నపేట దగ్గర టీ తాగేచోట ఒకాయన, "ఎలి ఎవులు, మీ అమ్మాయేటి?" అని అడిగాడట. ఇప్పుడు ఇంకో ఇద్దరు ఓనర్లు వచ్చి వాళ్ళమ్మల చేత కూడా అలాగే తప్పుగా రాయించమంటున్నారు. ఆ అమ్మల్లో ఒకావిడ బడిపంతులుగా చేసి రిటైరైంది. ఆవిడకు తప్పు ఎలా నేర్పాలో నాకు తోచడం లేదు.

ఇక ఆ ముక్క. కొబ్బరికాయలు నిజం. వెల్డింగాయన నిజం. బండి నడిచింది నలభైసార్లు కాదు, మూడుసార్లు. కల్పించింది మా తెలుగు మాస్టారిని. అలాంటి మాస్టారు ఎవరూ లేరు, అరసున్న ఒక పాత పుస్తకంలో చూసి నేర్చుకున్నాను. నా చెవి ఎవరూ మెలిపెట్టలేదు. ఆ సను చ చేయమని ఎవరూ చెప్పలేదు. కొత్త బ్రష్షు, నలుగురూ చదివే చోటు. అత్త మాట అలాగే రాస్తే రాసినవాడికి చదువు లేదనుకుంటారని నేనే మార్చాను. నా చెవులు రెండూ సమానం. కావాలంటే సాలూరు వచ్చి కొలుచుకోండి.