ముగ్గురు కోటేశ్వరరావులు, ఒక్క పెళ్లికొడుకు

కుదరబోయే నా పెళ్లి సంబంధాన్ని నేనే, నా పది వేళ్లతో టైపు చేసి మరీ చెడగొట్టుకున్న కథ ఇది. నవ్వుకోండి. మా ఊళ్లో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పుడే ఎంసీఏ పూర్తిచేసి గుంటూరులో ఉద్యోగంలో చేరాను. డేటాబేస్ గురించి నాకు తెలిసినంత దాన్ని కనిపెట్టినవాడికి కూడా తెలియదని నా నమ్మకం. అద్దంకిలో పెళ్లిళ్ల బ్యూరో నడిపే సరోజ పిన్ని మాకు దూరపు చుట్టం. ఆవిడ నోటుపుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానన్నాను. ఒక్కో మనిషికి ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఉండాలి, దాన్నే ప్రైమరీ కీ అంటారు. ఒక నంబరిస్తే సరిపోయేది. నేను మేధావిని కదా, ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి కీ చేశాను.

"ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరు ఇద్దరికెందుకుంటుంది పిన్నీ?" అన్నాను ధీమాగా. అదే కీతో మళ్లీ ఫారం వస్తే మనిషి పాతవాడే, వివరాలే కొత్తవని కంప్యూటర్‌కు నేర్పాను.

ఇక్కడొక చిన్న సంగతి. నా పేరు కోటేశ్వరరావు. అది మా తాత పేరు. మా పెదనాన్నలిద్దరూ తమ పెద్దకొడుకులకు అదే పెట్టుకున్నారు. ముగ్గురిదీ ఒకే ఊరు. ఇంట్లో మేం పెద్దకోటి, నడిపికోటి, బుల్లికోటి. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నేనైతే ఆ గింజల్ని ఎకరం విత్తాను.

ముగ్గురం ఫారాలిచ్చాం. పెద్దకోటి ఫొటో ఒక్కటే ఇచ్చాడు, వాడి మొహానికి అది చాలు. నడిపికోటి పదెకరాల మిరపచేను రాశాడు. నేను ఉద్యోగం రాశాను. కంప్యూటర్ ముగ్గుర్నీ కలిపి ఒకణ్ణి చేసింది. అంత మంచి సంబంధం జిల్లా మొత్తంలో లేదు.

నల్లపాడు అమ్మాయివాళ్లు అబ్బాయిని చూడ్డానికి వస్తామన్నారు. ఆ అమ్మాయి ఫొటో చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పిన్ని ఫోన్ చేసి కోటికి పెళ్లిచూపులంటే, నాయనమ్మ మూడిళ్లకూ చెప్పొచ్చింది. ముగ్గురం ఇస్త్రీ చొక్కాలతో ఒకే బల్ల మీద కూర్చున్నాం.

అమ్మాయి తండ్రి కాగితం తీశాడు. "మీలో కోటేశ్వరరావు ఎవరండీ?"

ముగ్గురం లేచాం.

పిన్ని నావంక చూసిన చూపుకు పచ్చిమిరపకాయలు ఎండిపోతాయి. నేను కీ గురించి వివరించబోయాను. ఈలోగా నడిపికోటి పొలం తనదని చెప్పుకున్నాడు. అమ్మాయి కాగితం తీసుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"ఫొటో ఈయనది. పొలం ఆయనదంట. మరి మీదేంటండి?"

"ఉద్యోగమండి."

"ఉద్యోగం నాకుందండి," అంది.

ఆవిడ ఇప్పుడు మా పెద్దకోటి భార్య, నాకు వదిన. శుభలేఖ మీద వరుడి పేరు చూసి మా ఆఫీసంతా నాకు అభినందనలు చెప్పింది. ఎంతమందికని వివరించను, అందరికీ థాంక్స్ చెప్పాను. ఆ శుభలేఖ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఆకాశం విరిగి మిరపచేలో పడ్డా సరే, ఈ జన్మలో మనిషి పేరును మళ్లీ కీగా పెట్టను.