మా అన్నకు లేని గడియారం

అరవైల మొదట్లో, నాకు పద్నాలుగేళ్లున్నప్పటి మాట. వెంకటాచలం దగ్గర మా ఊళ్లో కోతలు సాగుతున్నాయి. అమ్మా నాయనా పొలంలో ఉన్నారు. చూపు ఆనని మా అవ్వ లోపల కునుకు తీస్తోంది. తెల్లచొక్కా మనిషి ఒకాయన వచ్చి మంచినీళ్లడిగి, తాగి, అరుగు మీద కూర్చున్నాడు.

అంత ఎండలో నడిచొచ్చినా ఆయన ముఖాన చెమట లేదు. నాతో పెద్దవాళ్లెవరూ అంత శ్రద్ధగా మాట్లాడటం ఎరగను. అడిగినవన్నీ చెప్పాను. మా అన్న గూడూరులో నిమ్మకాయల మండీలో పని చేస్తాడన్నాను. గొప్ప కోసం, చేతికి గడియారం పెట్టుకుంటాడని కూడా అన్నాను. మా అన్నకు గడియారం లేదు.

మర్నాడు అదే వేళకు వచ్చి, ఇంట్లో నన్ను పిలిచే ముద్దుపేరుతో పిలిచాడు. అది చెప్పినట్టు నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటానులే అనుకున్నాను.

కొన్నాళ్లకు గాబరాగా వచ్చాడు. అన్నకు జ్వరం ముదిరిందనీ, నన్నే కలవరిస్తున్నాడనీ, పొలానికి కబురంపాననీ, రైలుకు వేళైందనీ చెప్పాడు. తలుపు దగ్గరగా వేసి ఆయన వెంట నడిచాను.

స్టేషను దారికి రెండు పక్కలా కోసేసిన మళ్లు. నరమానవుడు లేడు. నేను ఏడుస్తుంటే ఆయన ఓదార్చాడు.

"ఏడవబాక పాపా. మీ అన్న చేతి గడియారం తీసి నాకిచ్చినాడు, నీకియ్యమని. గూడూరులో ఇస్తాలే."

అది నేనాడిన అబద్ధం. అయినా నడుస్తూనే ఉన్నాను. పెద్దాయన పక్కన నడుస్తూ ఎలా ఆగిపోవాలో నాకు తెలియలేదు.

"మా వదిన దగ్గరుండాదా?" అని అడిగాను.

"ఉండాది. పాపం, ఒకటే ఏడుస్తా ఉండాది."

మా అన్నకు పెళ్లి కాలేదు.

ప్లాట్‌ఫారం మీద గాజులమ్మే సాయిబుల కుటుంబం ఒకటి కూర్చుని ఉంది. వాళ్ల పెద్దామె పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"ఈ బిడ్డ మా దగ్గిర ఉంటాది. నువ్వు పో నాయనా."

ఆయన కోప్పడలేదు. నవ్వి, దండం పెట్టి, వచ్చిన రైలెక్కాడు. తలుపు దగ్గర నిలబడి, కనబడినంతసేపూ నా వైపే చూశాడు.

ఆ రైలు వదులుకుని ఆమె నన్ను తెచ్చి అమ్మకు అప్పగించింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మనిషి ఎట్లా ఉంటాడని నాయన అడిగాడు. చొక్కా చెప్పగలిగాను, గొంతు చెప్పగలిగాను. ముఖం ఎంతకీ గుర్తుకు రాలేదు.

ఆ వారంలోనే అన్న వచ్చాడు, నిక్షేపంగా. జరిగిందంతా విన్నాడు. తర్వాత అమ్మతో అన్నాడు.

"నిన్న మండీకి ఒకాయన వచ్చినాడు. మన చుట్టమేమో అనుకున్నా. చెల్లెలు ఇంటికి చేరిందా అని అడిగి పోయినాడు."

వాడు దొరకలేదు. నన్ను కొడవలూరులో పిన్ని ఇంటికి పంపేశారు. పెళ్లయ్యేదాకా అక్కడే ఉన్నాను.