భీమిలి ఎత్తు మీద నేను పాతించిన స్తంభాలు

మీరు ఆ అర్జీ చదవకుండానే సంతకం పెట్టారు. మిమ్మల్నే అంటున్నాను. ఆదివారం సైకిలుని కారు వెనక కట్టుకుని రుషికొండ దాకా తెచ్చి, పది కిలోమీటర్లు తొక్కి, హెల్మెట్ తియ్యకుండా ఫొటో దిగే మిమ్మల్నే. భీమిలి దాటాక కొండ ఎక్కే చోట, లారీల రోడ్డు పక్కన ఉన్న పాత రోడ్డుని సైకిళ్లకి వదిలారు కదా, అందులోకి మోటారు సైకిళ్లు దూరుతున్నాయి, రెండు చివరలా స్తంభాలు పాతండి అని కోరిన అర్జీ అది. రాసింది నేనే. స్తంభాల మధ్య సందు ఎంత ఉండాలో టేపు పెట్టి కొలిచిందీ నేనే. మన సైకిళ్ల గుంపులో అందరి హ్యాండిళ్లూ సుఖంగా పట్టేలా కొలిచాను. పని పూర్తయిందని కబురు రాగానే, నా ఘనకార్యం కళ్లారా చూసుకుందామని సైకిలు తీశాను.

తెల్లవారుజామున ఐదింటికి ఫిషింగ్ హార్బర్ దగ్గర బయల్దేరాను. అప్పటికే వేలం పాట సగమయింది, ఐసు దంచే మోత రోడ్డు దాకా వినిపిస్తోంది. మనం వ్యాయామం మొదలెట్టే వేళకి ఒక నగరం సగం పని ముగించేస్తుంది. ఈ సంగతి మన గుంపులో ఎవరికైనా తెలుసా? బీచ్ రోడ్డు చదునుగా ఉంటుందని నమ్మకండి. కైలాసగిరి దాటిన దగ్గర్నుంచీ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఆరు కాకముందే రుషికొండ, ఏడింటికల్లా భీమిలి. అక్కడ బండి దగ్గర నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, అడిగినంత చట్నీ. యాభై మూడేళ్ల మోకాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. ఏడున్నరకి ఎత్తు మొదట్లో ఉన్నాను.

స్తంభాల ముందు ఒక చేపల సైకిలు ఇరుక్కుని ఉంది. వెనక కారియర్ మీద రెండు పక్కలా వేలాడే ఐసు పెట్టెలు. ముందు చక్రం సందులోకి వెళ్లింది, పెట్టెలు వెళ్లలేదు. సైకిలు పట్టుకున్న మనిషికి అరవై దాటి ఉంటాయి. పేరు నూకరాజు. భీమిలి ఒడ్డున చేపలెత్తుకుని పద్మనాభం వైపు ఊళ్లలో అమ్ముతాడు. జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదట. స్తంభాలు చూడడం అదే మొదలు.

"ఏటి బావా, అలా సూత్తన్నావ్? ఓ సెయ్యెయ్యి," అన్నాడు.

ఇద్దరం కలిసి వెనక్కి లాగాం. పెట్టెలు విప్పి దాటిద్దామా అన్నాను.

"ఇక్కడ ఇప్పి కట్టి, అటు సివర మల్లీ ఇప్పి కట్టేసరికి తొమ్మిదయిపోద్ది. ఆడోళ్లు పన్లకి ఆటోలెక్కీసేక సేపలు ఎవులు కొంతారు? ఏ ఎదవ పాతించాడో గానీ, ఆడి సేత ఓపాలి ఈ సైకిలు తొక్కించాల."

"నేనే పాతించాను. మోటారు సైకిళ్లని ఆపడానికి."

నూకరాజు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. సరిగ్గా అప్పుడే ఒక మోటారు సైకిలు గట్టు దిగి, స్తంభాల పక్కనుంచి చుట్టూ తిరిగి, పాత రోడ్డెక్కి వెళ్లిపోయింది.

"సూసేవా? ఈ బరువుతో నాను గట్టు దిగలేను. ఆగింది నానొక్కణ్ణే. మరింకేటి, ఎక్కు. నీ తూనీగని నాకియ్యి."

నా సైకిలు తీసుకుని సందులోంచి దూరి, చెప్పులు టపటపలాడిస్తూ వెళ్లిపోయాడు. నేను ఆయన సైకిలుతో లారీల రోడ్డెక్కాను. గేర్లు లేవు. వంద గజాలు తొక్కాను, మిగతాదంతా తోశాను. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ గాలికి పెట్టెలు ఊగి, సైకిలు నన్ను రోడ్డు మధ్యకి లాగింది. ఒక డ్రైవరు తల బయటపెట్టి నా వంశం మొత్తాన్ని పలకరించాడు. ఈ రోడ్డు మీదికే నేను ఒక మనిషిని ఇక రోజూ తోలబోయాను, అదీ సైకిళ్ల క్షేమం పేరుతో!

పైన నూకరాజు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చేవా? కూకుని కూకుని నాకు గెడ్డం పెరిగిపోనాది."

ఎవరి సైకిలు వాళ్లు తీసుకుని ఇద్దరం పద్మనాభం దగ్గరి ఊరు చేరేసరికి తొమ్మిదీ పది. ఒక ఆటో వెళ్లిపోయింది. రెండోది కదలబోతోంది. అందులోంచి ఒకావిడ అరిచింది: "ఏటి రాజన్నా, ఇయ్యాల సేపలు నడిసొచ్చాయేటి?"

"లేదప్పా, ఈ పెద్దమనిషి ఊరేగించుకొచ్చాడు!"

ఆటోలో ఉన్నవాళ్లు నవ్వుతూనే తలా కొంచెం కొన్నారు. రెండో పెట్టె మూత తియ్యనేలేదు. అవన్నీ నేను కొంటానన్నాను.

"ఇయ్యన్నీ తింటావేటి నువ్వు? ఒద్దులే, ఉప్పేసి ఎండెడతాను. రేపూ నాను ఈ దారినే రావాల. ఆ స్తంభాలు పీకించు బావా, సాలు."

పద్మనాభం నుంచి ఆనందపురం దాకా జీడితోటలు, తాటిచెట్లు, ఎడంగా నీలంగా కొండలు. రాష్ట్రంలో ఇంత మంచి సైకిలు దారి ఇంకోటి చూపించండి, ఒప్పుకుంటాను. మధురవాడ మీదుగా ఒంటిగంటకి ఇల్లు చేరాను. దారంతా నాతో నేను కొట్లాడుతూనే ఉన్నాను. ముప్పై ఏళ్లుగా కష్టజీవుల పక్షమని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, టేపు చేతికి రాగానే నాలాంటివాళ్లనే కొలిచాను. సైకిలంటే నాకు గుర్తొచ్చింది నా సైకిలే. ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: భీమిలిలో రెండు సీసాల నీళ్లు నింపుకోండి, ఎత్తు మొదలయ్యాక కొట్లు ఉండవు.

ఇవీ డిమాండ్లు:

ఎత్తుకి రెండు చివరలా ఉన్న స్తంభాలు ఈ వారంలోనే పీకాలి.

మోటారు సైకిళ్లని ఆపాలంటే ఉదయం పూట మనిషిని కాపలా పెట్టాలి, జీతమిచ్చి.

సైకిళ్ల రోడ్డు అని ఏది వేసినా, బరువులు కట్టుకున్న చేపల సైకిలుతో కొలత తీసుకోవాలి.

ఆ కొలత తీసే రోజు టేపు నూకరాజు చేతిలో ఉండాలి. మనం చివర పట్టుకుంటే చాలు.